మామ్మగారి టీవీ చెడిపోలేదు

(విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఒక ఆదివారం సాయంత్రం, పెద్దల సమావేశంలో టీవీ రిపేరు షాపు యజమాని ఒకరు మాట్లాడిన మాటలకు రాత రూపం)

అందరికీ నమస్కారమండి. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? ఆ ఫ్యాను ఒక్క పాయింటు తగ్గిస్తే చాలు, థాంక్సండి. ఈ అట్టపెట్టెలో టీవీకి తగిలించి నెట్‌లో యాప్‌లు చూసుకునే స్టిక్‌లూ బాక్సులూ పదిహేడు ఉన్నాయి, రెండేళ్లుగా డాబాగార్డెన్స్‌లో మా షాపులో జనం వదిలేసి వెళ్లినవి. వీటిలో పన్నెండింటికి ఇప్పుడు కరెంటు ఇచ్చినా లైటు వెలుగుతుంది, టీవీకి తగిలిస్తే బొమ్మ కూడా వస్తుంది. అయినా వదిలేశారు. ఎందుకు వదిలేశారు, నిజంగా వదిలేయాల్సిందేనా, దాని గురించి మాట్లాడదామని వచ్చాను.

మొన్న వేసవిలో అక్కయ్యపాలెం నుంచి ఒక మామ్మగారు ఫోన్ చేశారు. డెబ్భై ఆరేళ్లావిడ, ఒక్కరే ఉంటారు, కొడుకుది పుణెలో ఉద్యోగం. "ఏటి బాబూ, టీవీ పోయింది, పొద్దుట్నించీ ఏటీ రావట్లేదు" అన్నారు. వెళ్లి చూస్తే టీవీ శుభ్రంగా ఉంది. 43 అంగుళాల స్మార్ట్ టీవీ, కొని ఎనిమిదేళ్లయిందట, తెర మీద గీత లేదు, బ్యాక్‌లైటు ఎక్కడా మసకబారలేదు, కేబుల్ పెడితే చక్కగా వస్తోంది. ఆవిడ రోజూ ప్రవచనాలు చూసే యాప్ ఒక్కటి మాత్రం తెరవగానే ఇంగ్లీషులో రెండు లైన్లు వస్తున్నాయి, ఈ పరికరంలో ఈ యాప్ ఇక పనిచేయదు అని. ఆవిడకి ఇంగ్లీషు రాదు. నెట్ ప్యాక్ అయిపోయిందనుకుని కింద కిరాణా షాపు కుర్రాడి చేత వారంలో రెండుసార్లు రీఛార్జ్ చేయించారు. ఈలోగా కొడుకు పుణె నుంచి 50 అంగుళాల కొత్త టీవీ ఆర్డర్ పెట్టేశాడు, మర్నాడే డెలివరీ. పాతదానికి ఎక్స్‌ఛేంజ్‌లో పదిహేను వందలు ఇస్తారట. అప్పటికే ఎవరో దాన్ని గోడ మీంచి దించి, వాళ్లకి ఇవ్వడానికి వీలుగా గుమ్మం పక్కన ఆనించి పెట్టారు. నేను వెళ్లేసరికి మామ్మగారు దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు.

నాకు బాధేసిందండి. నేను పని నేర్చుకున్నది 1990ల్లో పూర్ణా మార్కెట్ దగ్గర ఒక షాపులో. అప్పుడు టీవీ పోయిందంటే నిజంగానే ఏదో ఒకటి పోయేది. ఎల్‌ఓటీ అనే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేది, పిక్చర్ ట్యూబ్ నీరసించిపోయేది, టాంకా, అంటే సోల్డర్ అతుకు, ఊడిపోయేది. పోయిన ముక్కని వేలు పెట్టి చూపించేవాళ్లం, మార్చేవాళ్లం, ఆ సెట్టు మళ్లీ ఐదేళ్లు ఆడేది. ఇప్పుడు ఏ ముక్కా పోకుండానే టీవీ పోయిందంటున్నారు.

మీకు ఒక సంగతి గుర్తు చేస్తాను. కేబుల్ డిజిటల్ అయిన రోజులు. 2012 చివర్లో ఢిల్లీ, ముంబై లాంటి మహానగరాల్లో మొదలైంది, 2013లో రెండో దశ కింద 38 నగరాలు తీసుకున్నారు, అందులో మన విశాఖ ఉంది. సెట్‌టాప్ బాక్స్ లేకపోతే కేబుల్ రాదన్నారు. ఊరంతా టెన్షన్ పడ్డారు, మా షాపు ముందు లైను కట్టారు. అయితే ఏం జరిగింది? పాత ట్యూబు టీవీ పక్కన చిన్న డబ్బా ఒకటి పెట్టారు, మూడు రంగుల వైర్లు గుచ్చారు, టీవీ మామూలుగానే నడిచింది. సిగ్నల్ మొత్తం మారిపోయినా టీవీలు పారేయలేదు, ఆ మార్పంతా డబ్బా భరించింది. డబ్బా పాడైతే డబ్బానే మార్చుకున్నాం.

స్మార్ట్ టీవీ వచ్చాక ఆ డబ్బాని తీసుకెళ్లి టీవీ పొట్టలో పెట్టేశారు. తెర పదిహేనేళ్లు బతికే వస్తువు. లోపలి కంప్యూటర్ బోర్డుకీ దాని మీద నడిచే యాప్‌లకీ మామూలుగా ఆరేడేళ్లు, చవక రకమైతే రెండు మూడేళ్లు కూడా గట్టిగా ఉండవు. ఈ రెంటినీ ఒకే ధర, ఒకే వారంటీ కింద మనకి అమ్మారు, మనం ఒకే వస్తువనుకుని కొన్నాం. నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్కటేనండి. తెరని వేరుగా, దాని బుర్రని వేరుగా చూడండి. బుర్ర పాతబడితే బుర్ర మార్చుకోండి, తెర జోలికి పోకండి.

ఇప్పుడు, యాప్ ఎందుకు ఆగిపోతుంది? కంపెనీవాడు కావాలని ఆపేశాడు, కొత్తది కొనిపించడానికే అని చాలామంది నాతో అంటారు. అలాంటివీ ఉండొచ్చు, కాదనను, కానీ లోపల నిజమైన కారణాలు కూడా ఉన్నాయి, అవి తెలిస్తే మీరు మోసపోరు.

మొదటిది వీడియోని కుదించే పద్ధతి. ఫుల్ హెచ్‌డీ బొమ్మని ఏమీ కుదించకుండా ఉన్నదున్నట్టు పంపితే సెకనుకి 150 ఎంబీ పైన అవుతుంది. ఒక్క సెకనుకి! మీ ఫోన్ డేటా ప్యాక్ పది సెకన్లలో అయిపోతుంది. అందుకని అక్కడ మడతపెట్టి పంపుతారు, ఇక్కడ మన టీవీలో చిప్పు ఆ మడత విప్పుతుంది. ఆ మడతపెట్టే పద్ధతులు మారుతూ వస్తున్నాయి. 2003లో హెచ్.264 అని వచ్చింది, చాలా ఏళ్లు అదే రాజ్యం. 2013లో హెచ్ఈవీసీ, వీపీ9 వచ్చాయి. 2018లో ఏవీ1 వచ్చింది, అదే నాణ్యతని ఇంకా తక్కువ డేటాలో పంపుతుంది. పెద్ద పెద్ద కంపెనీలకి దానివల్ల బోలెడు ఖర్చు మిగులుతుంది, మనకీ డేటా మిగులుతుంది. కానీ మడత విప్పే పని చేసేది చిప్పు. 2015 చిప్పుకి 2018 మడత తెలియదు, అప్‌డేట్‌తో నేర్పుదామన్నా దానికంత బలం ఉండదు. మన శ్రీకాకుళం వైపు వాళ్లుంటే గుర్తుంటుంది, నౌపడ నుంచి గుణుపూర్‌కి చిన్న రైలు నడిచేది. పట్టాలు బ్రాడ్‌గేజ్‌కి మార్చాక ఆ పాత పెట్టెలు ఎంత గట్టివైనా వాటి మీద నడవవు కదా. అలాంటిదే ఇది. 2025 జూన్‌లో అమెజాన్ వాళ్ల మొదటి తరం ఫైర్ టీవీ బాక్స్, స్టిక్‌ల మీద నెట్‌ఫ్లిక్స్ ఆగిపోయింది. అవి 2014, 2016 నాటి మోడళ్లు, ఏవీ1 చదవలేనివి.

రెండోది తాళం. సినిమా దొంగతనంగా కాపీ కాకుండా దాన్ని తాళం వేసి పంపుతారు, తాళం చెవి మీ పరికరంలో ఉంటుంది. తాళం రకం మార్చేస్తే పాత చెవి పనికిరాదు. 2019 డిసెంబర్ 1న రోకు అనే కంపెనీ పాత బాక్సుల మీదా, 2010, 2011 నాటి కొన్ని శాంసంగ్ టీవీల మీదా నెట్‌ఫ్లిక్స్ ఆగిపోయింది, అవి పాతకాలపు విండోస్ మీడియా తాళాన్ని నమ్ముకున్న పరికరాలు. కొన్ని చవక బాక్సుల్లో ఎంత మంచి ప్లాన్ తీసుకున్నా బొమ్మ మసగ్గానే వస్తుంది, గమనించారా? నెట్ స్పీడ్ లేదని అందరూ కేబుల్ కుర్రాళ్ల మీద పడతారు, పాపం. చాలాసార్లు అక్కడ కారణం తాళమే. ఆ బాక్సుకి పెద్ద తాళం చెవి ఇవ్వలేదు, అందుకని హెచ్‌డీ పంపరు.

ర్యామ్ సంగతి మీ అందరికీ ఫోన్లలో అనుభవమే, యాప్‌లు ఏటేటా లావెక్కుతాయి, 1 జీబీ ర్యామ్ ఉన్న స్టిక్ వాటిని మోయలేక ఆగి ఆగి నడుస్తుంది. దాని గురించి ఎక్కువ చెప్పను. ఇంకొకటి, యాప్‌కీ అవతలి సర్వర్‌కీ మధ్య మాట్లాడుకునే పద్ధతి మారిపోవడం. 2015 ఏప్రిల్‌లో యూట్యూబ్ తన పాత పద్ధతిని తీసేసింది, 2012, అంతకుముందు తయారైన చాలా టీవీల్లో ఒక్కసారిగా యూట్యూబ్ పోయింది. ఆ నెలలో మా షాపుకి వచ్చిన టీవీలు చూసి మొదట నాకూ అర్థం కాలేదు, బోర్డులు విప్పి వెతికాను.

ఇక అసలైనది, నాకు బాగా ఇష్టమైన సంగతి, తేదీ. మీ టీవీ యూట్యూబ్‌తో మాట్లాడే ముందు అవతలివాడు నిజంగా యూట్యూబేనా అని గుర్తింపు కార్డు చూస్తుంది. దాన్ని సర్టిఫికెట్ అంటారు. ఆ కార్డుకి మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. 2025 మార్చిలో ఏమైందంటే, 2015 నాటి రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు, అంటే టీవీకి తగిలించే గూగుల్ వాళ్ల చిన్న పరికరాలు, ప్రపంచమంతటా ఒకేసారి పనిచేయడం మానేశాయి. కారణం, పదేళ్ల గడువున్న ఒక సర్టిఫికెట్ ఆ రోజుతో ముగిసింది, దాన్ని ముందే మార్చలేదు. కొద్ది రోజుల్లో గూగుల్ అప్‌డేట్ పంపి సరిచేసింది. కానీ ఈలోగా కంగారుపడి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టినవాళ్లకి ఇబ్బంది రెట్టింపయింది, రీసెట్ చేయొద్దని గూగుల్ వాళ్లే చెప్పాల్సి వచ్చింది. అందుకని ఒక యాప్ రాత్రికి రాత్రి ఆగిపోతే ముందు రెండు మూడు రోజులు ఆగండి. రీసెట్ బటన్ మీదకి వేలు పోనివ్వకండి.

ఈ తేదీ మీదే ఇంకో చిన్న కథ. లాసన్స్ బే వైపు ఒక ఇంట్లో ఆండ్రాయిడ్ బాక్స్. రాత్రంతా కరెంటు పోయి తెల్లారి వచ్చింది, అప్పట్నించి ఏ యాప్ తెరిచినా కనెక్షన్ సురక్షితం కాదు అని ఎర్రర్. నెట్ వాళ్లు రెండుసార్లు వచ్చి వైఫై డబ్బా కూడా మార్చేశారట. ఇంటాయన కొత్త బాక్స్ బేరం కూడా చేసేసి, చివరి ప్రయత్నంగా నన్ను పిలిచారు. నేను సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూస్తే తేదీ 1970 జనవరి 1 అని ఉంది. చాలా చవక బాక్సుల్లో గడియారానికి బ్యాటరీ ఉండదు, కరెంటు పోగానే వాటి లెక్క మొదటికి వెళ్లిపోతుంది, కంప్యూటర్ల లెక్కలో మొదలంటే 1970 జనవరి 1. ఆ బాక్స్ దృష్టిలో ఇవాళ్టి సర్టిఫికెట్లు ఏవీ ఇంకా పుట్టనే లేదు! అందుకే దేన్నీ నమ్మట్లేదు. తేదీ సరిచేశాను, టైము సరిచేశాను, ఆటోమేటిక్ అని ఉన్నదాన్ని ఆన్ చేశాను, యూట్యూబ్ తెరుచుకుంది. రెండు నిమిషాల పని. ఆయన నాకు కాఫీ ఇచ్చి, అరగంట కూర్చోబెట్టి, ఈ సంగతి అందరికీ చెప్పండి అన్నారు. ఇవాళ ఇక్కడికి రావడానికి ఆ మాట కూడా ఒక కారణం.

అలా చూసుకోవాల్సినవి ఇంకో రెండున్నాయి. స్టిక్‌కి కరెంటు టీవీ వెనక యూఎస్‌బీ రంధ్రం నుంచి ఇస్తారు చాలామంది, వైరు కనపడకుండా ఉంటుందని. మామూలు యూఎస్‌బీ పోర్ట్ అర ఆంపియర్ దాకానే ఇస్తుంది, స్టిక్‌కి అంతకి రెట్టింపు కావాలి. అది చాలక మధ్యలో ఆఫ్ అయి ఆన్ అవుతుంటుంది, స్టిక్ పోయిందనుకుంటారు. దాంతో వచ్చిన అడాప్టర్ గోడకి పెట్టండి. ఇంకోటి మన ఊరికే ప్రత్యేకం, ఉప్పు గాలి. బీచ్ రోడ్డు, పెదజాలరిపేట, లాసన్స్ బే, ఆ వైపు ఇళ్లలో ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు ఎలా తుప్పు పడతాయో మీకు తెలుసు. స్టిక్‌ని టీవీకి తగిలించే హెచ్‌డీఎంఐ పిన్నుల మీద కూడా అదే జరుగుతుంది. ఇదిగో ఈ స్టిక్ చూడండి, ముందుకు పంపుతున్నాను, మూతి దగ్గర పచ్చగా పూత పట్టింది చూశారా, చిలుము. నాలుగేళ్లు కిటికీ పక్కనున్న టీవీకి తగిలించి ఉంచిన స్టిక్ ఇది. స్విచ్ ఆపి, నెలకోసారి తీసి పొడి గుడ్డతో తుడిచి పెట్టండి, అంతే.

ఇవన్నీ చూశాక కూడా యాప్‌కి సపోర్ట్ నిజంగానే పోయిందంటే అప్పుడు కొనండి, కానీ టీవీ కొనొద్దు. టీవీ వెనక హెచ్‌డీఎంఐ రంధ్రం ఒక్కటి ఉంటే చాలు, మూడు నాలుగు వేల స్టిక్‌తో ఆ టీవీ మళ్లీ కొత్తదవుతుంది. దానికన్నా ముందు మీ నెట్ వాళ్లు ఇచ్చిన సెట్‌టాప్ బాక్స్‌లోనే ఆ యాప్ ఉందేమో చూసుకోండి, చాలా ఇళ్లలో ఉంటుంది, ఎవరూ తెరిచి చూడరు.

స్టిక్ కొనేటప్పుడు ఆఫర్‌లో ఎంత తగ్గించారన్నది తర్వాత, ఆ మోడల్ మొదట ఏ సంవత్సరంలో విడుదలైందో అడగండి. మీరు కొన్న రోజు నుంచి దాని వయసు లెక్కపెట్టడానికి లేదు, అది పుట్టిన రోజు నుంచి లెక్క. నాలుగేళ్ల నాటి మోడల్ సగం ధరకి వస్తోందంటే దాని ఆయుష్షు కూడా సగం అయిపోయిందని అర్థం. ర్యామ్ 2 జీబీకి తగ్గొద్దు. ఏవీ1 ఆడుతుందా అని అడగండి, షాపులో కుర్రాడికి తెలియకపోతే పెట్టె మీద చదివించండి. మొదటి క్రోమ్‌కాస్ట్ 2013లో 35 డాలర్లకి వచ్చింది, 2023 దాకా సపోర్ట్ ఇచ్చారు. పదేళ్లు! అంత చవక వస్తువుకి పదేళ్లంటే మెచ్చుకోవాలి, చేయాలనుకుంటే చేయొచ్చని దాన్నిబట్టే తెలుస్తోంది.

బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఒక చట్టం అమల్లో ఉంది. నెట్‌కి కలిసే వస్తువు అమ్మేవాడు దానికి సెక్యూరిటీ అప్‌డేట్‌లు కనీసం ఎప్పటిదాకా ఇస్తాడో చెప్పి తీరాలి. మన దగ్గర మాత్రల స్ట్రిప్ మీద తేదీ ఉంటుంది, పాల ప్యాకెట్ మీద ఉంటుంది, ముప్పై వేల టీవీ పెట్టె మీద ఈ తేదీ నేను ఒక్కసారి కూడా చూడలేదు. ముప్పై వేలంటే మన దగ్గర చాలా ఇళ్లలో రెండు నెలల సంపాదన. ఆ తేదీ అడిగే హక్కు మనకుందని నా గట్టి నమ్మకం. షాపుకి వెళ్లినప్పుడు ప్రతి ఒక్కరూ అడగండి, జవాబు రాకపోయినా అడగండి.

ఒక హెచ్చరిక. యాప్ ఆగిపోయిందని నెట్‌లో వెతికి, ఎక్కడెక్కడివో ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి టీవీలోకి ఎక్కించకండి. పేరూ ఊరూ లేని, అన్ని ఛానళ్లూ ఫ్రీ అనే బాక్సులు అసలు కొనకండి. 2025లో అమెరికా ఎఫ్‌బీఐ ఇలాంటి బాక్సుల మీద జనాన్ని హెచ్చరించింది, వాటిలో చేరిన వైరస్ ముఠాకి బ్యాడ్‌బాక్స్ 2.0 అని పేరు. కొన్ని బాక్సులు ఫ్యాక్టరీ నుంచే వైరస్‌తో వస్తున్నాయి. అలాంటి పరికరాలు కోటికి పైగా ఉన్నాయని గూగుల్ ఆ జులైలో కోర్టుకెళ్లింది. మీ ఇంటి నెట్‌ని వాడుకుని దొంగ పనులు చేస్తాయి, మీకు తెలియను కూడా తెలియదు. కస్టమర్ కేర్ నంబర్ అని నెట్‌లో దొరికినదానికి ఫోన్ చేస్తే, యాప్ ఆక్టివేషన్‌కి రెండు వేలు పంపమనేవాళ్లు కూడా ఉన్నారు, మన వయసు వాళ్ల మీదే వాళ్ల గురి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

పాత స్టిక్‌ని ఎవరికైనా ఇచ్చే ముందు మీ అకౌంట్ తీసేయండి, అప్పుడు కొట్టండి రీసెట్, దాని సమయం అప్పుడు. ఈ పెట్టెలోవాటిలో ఒకదాన్ని తెరిస్తే ఎవరిదో మనవరాలి బారసాల ఫొటోలన్నీ కనపడ్డాయి నాకు. వెంటనే తీసేశాను, కానీ అది నా చేతికి కాక ఇంకొకరి చేతికి పోయుంటే? అలాగే చెత్తబండిలో వేయకండి, రిమోట్‌లో బ్యాటరీలతో సహా అస్సలు వేయకండి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం పాత సామాను రీసైక్లింగ్ చేయించే బాధ్యత తయారుచేసిన కంపెనీలదే. కొన్న బ్రాండ్ వాళ్లని అడగండి, ఎక్కడ తీసుకుంటారో చెప్పాలి వాళ్లు.

మామ్మగారి సంగతి మధ్యలో వదిలేశాను కదా. అక్కడి నుంచే పుణెకి ఫోన్ చేశాను. కొడుకు పాపం కంగారు మనిషి, అమ్మకి కాలక్షేపం లేకుండా పోయిందన్న బాధలో ఆర్డర్ పెట్టాడు. "అంకుల్, నిజంగా టీవీ బావుందా?" అని రెండుసార్లు అడిగాడు. వీడియో కాల్‌లో చూపించాను, ఆర్డర్ క్యాన్సిల్ చేశాడు. నేనూ కింద కిరాణా కుర్రాడూ కలిసి టీవీని మళ్లీ గోడకెక్కించాం. సాయంత్రం స్టిక్ తెచ్చి పెట్టి, ఆవిడ చూసే ప్రవచనం మొదటి వరసలోనే కనపడేలా సర్దాను. కొత్త రిమోట్‌లో బటన్లు తక్కువ, ఏది దేనికో ఆవిడకి అర్థం కాలేదు, అందుకని మైకు గుర్తున్న బటన్ మీద కుంకుమబొట్టంత ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టాం, అది నొక్కి తెలుగులో అడిగితే చాలని చెప్పాను. ఆవిడ రిమోట్‌ని నోటి దగ్గర పెట్టుకుని, "బాబూ, భాగవతం పెట్టు" అన్నారు. పెట్టింది.

ఇప్పుడు మీలో ఎవరైనా స్టిక్‌లూ బాక్సులూ తెచ్చుకుంటే ఈ బల్ల మీద పెట్టండి. వెనకాల చిన్న అక్షరాల్లో మోడల్ నంబర్ ఉంటుంది, నేను కళ్లద్దాలు పెట్టుకుంటాను, ఒక్కొక్కటీ చూద్దాం. మీరు రండమ్మా, ముందు మీది ఇవ్వండి.